కొలిమి దగ్గరి పొత్తు

తెన్నేటి విశ్వనాథం గారి స్మృతిలో విశాఖపట్నంలో చేసిన ఉపన్యాసం



తెన్నేటి విశ్వనాథం గారి పేరు ఈ ఊళ్లో ఇవాళ చాలామందికి బీచ్ రోడ్డు మీది పార్కు పేరుగానే తెలుసు. ఆయన స్వాతంత్ర్య పోరాటంలో జైళ్లకు వెళ్లిన మనిషి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో మంత్రి. పంతులు గారి ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’ మధ్యలో ఆగిపోతే, మిగిలిన భాగం రాసి పూర్తిచేసింది కూడా ఆయనే. 1967లో విశాఖ ఆయన్ను లోక్‌సభకు పంపింది. పంపడానికి కారణం ఏడాది ముందు జరిగిన సంగతి.

1965లో బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందం ఒకటి దక్షిణాదిన ఉక్కు కర్మాగారానికి విశాఖ తగిన చోటని నివేదిక ఇచ్చింది. కేంద్రం వెనకాడింది. 1966 అక్టోబరులో అమృతరావు గారు ఆ కర్మాగారం విశాఖకే కావాలని నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న ఈ వీధుల్లో తుపాకులు పేలాయి. రాష్ట్రమంతటా 32 మంది చనిపోయారని ఉద్యమ చరిత్ర చెబుతుంది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం మనందరికీ నోటికి వచ్చు. ఆ నినాదం వెనక ఒక సాంకేతిక నివేదిక ఉందన్నది మాత్రం మరిచిపోతుంటాం. తెన్నేటి వారి తరం రెండూ కలిపి పట్టుకుంది. నివేదిక లేకుండా హక్కు అడిగితే ఢిల్లీ వినేది కాదు. హక్కు అడిగే జనం లేకపోతే ఆ నివేదిక బీరువాలో ఉండిపోయేది.

ఇవాళ నేను మాట్లాడబోయేది వాతావరణ మార్పు మీద దేశాల మధ్య రాబోయే ఒప్పందాల గురించి. జెనీవాలోనో ఢిల్లీలోనో మాట్లాడుకోవలసిన విషయం ఇక్కడెందుకని అనుకుంటున్నారేమో. ఈ ఊరు తయారైందే దేశాల మధ్య ఒప్పందాల వల్ల. ఏ ఒప్పందం నిలబడింది, ఏది ఎవరి నెత్తిన పడింది అన్న అనుభవం ఇక్కడున్నంత ఇంకెక్కడా లేదేమో. నా వాదన ఇది: సహకారం నిలబడాలంటే కొనేవాడి హామీ, యంత్రం, డబ్బు ఒకే కాగితం మీద ఉండాలి. ఆ యంత్రం పక్కన బతికేవాళ్లకు ఆ కాగితంలో చోటుండాలి. ఇప్పుడు నడుస్తున్న వాతావరణ చర్చల్లో ఈ నాలుగూ నాలుగు గదుల్లో ఉన్నాయి.

1. ఖనిజం

అరకు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు. ఆ సొరంగాలు అరకు చూడ్డానికి వెళ్లేవాళ్ల కోసం తవ్వినవి కావు. 1960లో జపాన్ ఉక్కు మిల్లులతో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. బస్తర్‌లోని బైలదిలా కొండల నుంచి ఏటా 40 లక్షల టన్నుల ఇనుప ఖనిజం ఇస్తాం, మీరు కొంటారు అన్నది అందులోని సారం. ఆ ఒక్క హామీని పట్టుకుని తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 450 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. లోపలి రేవులో పట్టని పెద్ద ఓడల కోసం 1976లో ఔటర్ హార్బర్ తెరిచారు. 1933లో జలదుర్గ అనే ఓడతో మొదలైన మన రేవు, నలభై ఏళ్లు తిరిగేసరికి జపాన్ కొలిముల కోసం సముద్రంలోకి చేతులు చాచింది.

చెప్పుకోవలసింది ఏమిటంటే, ఇది దానం కాదు. జపాన్‌కు ఖనిజం లేదు, మనకు విదేశీ మారకం లేదు. ఏళ్ల తరబడి కొంటామని సంతకం పెట్టినవాడు ఉన్నాడు కాబట్టే కొండల్లో రైలు పడింది. ‘పెట్టుబడులకు అనుకూల వాతావరణం’ కల్పిస్తామని సదస్సు పెట్టి తీర్మానం చేస్తే పడేది కాదు.

లోపం కూడా ఆ కాగితంలోనే ఉంది. మట్టి మనది, ఉక్కు వాళ్లది. టన్ను ఖనిజం మీద మనకు మిగిలింది కూలి, రవాణా. దాని నుంచి వచ్చిన ఓడలూ కార్లూ మరొకరివి. ఇంకొక ఖర్చు ఏ కాగితంలోనూ ఎక్కలేదు. మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఔటర్ హార్బర్ కోసం కట్టిన రాతిగోడలు ఆ నడకకు అడ్డుపడ్డాయి. రేవు దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన రామకృష్ణా బీచ్ కోతకు గురవుతుంది. రేవువాళ్లు ఇసుక తవ్వి బీచ్‌కు పోస్తుంటారు, సముద్రం మళ్లీ తీసుకుపోతుంటుంది. ఒడ్డు మీద తెప్పలు లాగి పెట్టుకునే జాగా తరిగిపోతే పెదజాలరిపేట జాలర్లకు ఏమవుతుందని 1960లో ఎవరూ అడగలేదు. అడగడానికి వాళ్లు ఆ గదిలో లేరు.

2. ఉక్కు

1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు ఇక్కడ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది జూన్‌లో ఆవిడే స్టాక్‌హోమ్‌లో పర్యావరణం మీద ఐక్యరాజ్యసమితి జరిపిన తొలి మహాసభలో మాట్లాడారు. పేదరికాన్నీ కాలుష్యాన్నీ విడదీసి చూడలేమన్న వాదనను అంతర్జాతీయ వేదిక ఎక్కించింది ఆ ప్రసంగమే. శంకుస్థాపన రాయి మాత్రం చాలాకాలం రాయిగానే ఉండిపోయింది. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. తేదీ గమనించండి. రియోలో వాతావరణ ఒప్పందం సంతకాలకు తెరుచుకున్నది అదే ఏడాది జూన్‌లో. ఆ ఒప్పందానికీ మన కర్మాగారానికీ ఇంచుమించు ఒకే వయసు.

సోవియట్ పొత్తులో వచ్చిన ఒక సంగతి దగ్గర కాసేపు ఆగుతాను. బొగ్గును గాలి తగలకుండా కాల్చే కోక్ ఓవెన్ నుంచి బయటకు తోసిన కోక్ వెయ్యి డిగ్రీల వేడితో ఎర్రగా ఉంటుంది. మామూలు పద్ధతిలో దాని మీద నీళ్లు కుమ్మరిస్తారు. వేడంతా ఆవిరై ఆకాశానికి పోతుంది, దాంతోపాటు మురికీ పోతుంది. విశాఖలో అలా చెయ్యరు. మూసి ఉంచిన గదిలో కోక్ మీదుగా నైట్రోజన్‌ను తిప్పుతారు. ఆ వాయువు వేడిని లాక్కుంటుంది, ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు. దేశంలో ఈ పద్ధతితో నడిచిన మొదటి ఉక్కు కర్మాగారం మనదే. ‘కార్బన్ ఉద్గారాలు’ అన్న మాట మన పత్రికల్లో అంతగా కనిపించని రోజుల్లోనే ఉక్కునగరం ఆ పని మొదలుపెట్టింది. కోక్ ఓవెన్ల మిత్రులు ముందు వరుసలో తల ఊపుతున్నారు, కాబట్టి నేను తప్పు చెప్పలేదన్నమాట.

రెండో ఉదాహరణ జపానుది. ఖనిజం పొడిని కాల్చి గడ్డలుగా చేసే సింటర్ ప్లాంటులో వేడి సింటర్‌ను చల్లార్చే గాలి ఏళ్ల తరబడి వృథాగా పోయేది. జపాన్ ప్రభుత్వ సంస్థ నెడో సహకారంతో ఆ వేడిని పట్టి 20.6 మెగావాట్ల విద్యుత్తు తీసే ఏర్పాటు చేశారు. అంకె చిన్నదే. కాని వాతావరణ సహకారం అన్న మాటకు వేలు పెట్టి చూపించగల వస్తువు ఏదైనా ఉందా అని విద్యార్థులు నన్నడిగితే నేను చూపించేది దాన్నే. ఒక దేశం తన యంత్రాన్నీ డబ్బునీ తెచ్చింది, ఇంకో దేశం తన కర్మాగారంలో చోటూ మనుషులనూ ఇచ్చింది. చివర్లో మీటరు తిరిగింది. బాకూలో 2024లో ధనిక దేశాలు 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు సమకూర్చేందుకు ముందుంటామన్నాయి. ఆ అంకె ఎంత పెద్దదైనా, దాని మీటరు ఎక్కడ తిరుగుతుందో చూపించేవారు లేరు.

ఇక్కడా లోపం ఉంది. దాచి లాభం లేదు. 64 గ్రామాల భూమి పోయింది. భూమి పోయినవాళ్లకు ఇచ్చిన ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసిన తండ్రి పోయి, కొడుకు తిరుగుతున్న ఇళ్లు గాజువాక చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. కర్మాగారానికి సొంత ఇనుప గనులు ఇవ్వలేదు. ఖనిజం బజారు ధరకు కొనాలి, కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి ఓడల్లో రావాలి. 2021 జనవరిలో నూరు శాతం వాటా అమ్మాలని కేంద్రం నిర్ణయించింది. నాలుగేళ్లు దీక్షా శిబిరాలు నడిచాక 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఊపిరి నిలుపుకోవడానికే ఇన్ని పాట్లు పడిన కర్మాగారం కార్బన్ తగ్గించడానికి సొంతంగా పెట్టుబడి పెట్టగలదా? ఈ ప్రశ్న గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

3. సముద్రం

సహకారం బాగా నడిచిన చోటు కూడా ఒకటి చెప్పాలి. 1952లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. మన నౌకాదళం ఓడలిచ్చింది, మన విద్యార్థులు కొలతలు తీశారు. తర్వాతి కాలంలో ఈ తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న లోయలను గుర్తించి, వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ గారు ఇక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యులు, వి.ఎస్. కృష్ణ గారు ఉపకులపతి. అమెరికన్ వచ్చి కొలిస్తే లోయలకు మనవాళ్ల పేర్లు వచ్చాయి. అంతకంటే ముఖ్యంగా, ఇక్కడ సముద్రశాస్త్రం చదివిన ఒక తరం తయారైంది.

తుపాను హెచ్చరికలదీ ఇదే బాట. ఉపగ్రహ చిత్రాలు, ఓడల కొలతలు, పొరుగు దేశాల రాడార్లు ఎవరివి వారు దాచుకుంటే బంగాళాఖాతంలో తుపానును ఎవరూ సరిగా పట్టలేరు. 1977 దివిసీమ ఉప్పెనలో పదివేల ప్రాణాలు పోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ నగరం మీదకే వచ్చింది. చెట్టు మిగల్లేదు, విమానాశ్రయం పైకప్పు మిగల్లేదు. ఈ హాల్లో ఉన్నవాళ్లలో సగంమంది ఆ రోజు కిటికీలకు అడ్డంగా బీరువాలు జరిపినవాళ్లే. ప్రాణనష్టం మాత్రం పదుల్లో ఆగింది. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో ముందే చెప్పగలిగారు, ప్రభుత్వం జనాన్ని తరలించగలిగింది.

ప్రాణాలు కాపాడడంలో సహకారం ఇంత నమ్మకంగా పనిచేసింది. ఇల్లు తిరిగి నిలబెట్టుకునే దగ్గరకు వచ్చేసరికి చేతులు ముడుచుకుంది. హుద్‌హుద్ నష్టం దాదాపు 21,900 కోట్ల రూపాయలని రాష్ట్ర ప్రభుత్వం లెక్కగట్టింది. ఆనాటి మారకంలో 350 కోట్ల డాలర్ల పైమాటే. ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదీ అప్పుగా. ఆ డబ్బుతో కరెంటు తీగలు భూమిలోకి దించడం లాంటి మంచి పనులు జరిగాయి, కాదనను. కాని సముద్రాన్ని వేడెక్కించినవారిలో మన వాటా స్వల్పం, తుపాను నష్టం మనది, మరమ్మతు బాకీ కూడా మనదే. 2022లో షర్మ్ ఎల్ షేక్‌లో ‘నష్టపరిహార నిధి’ పెడతామని ఒప్పుకున్నారు. దాని తొలి ఏళ్లలో ప్రపంచ దేశాలన్నీ కలిపి ఇస్తామన్న మొత్తం వంద కోట్ల డాలర్లు కూడా దాటలేదు. ఒక్క రాష్ట్రానికి ఒక్క తుపానులో జరిగిన నష్టంలో మూడో వంతుకు సరిపోదు.

4. సుంకం

ఇప్పుడు గట్టి విషయానికి వస్తున్నాను. యూరోపియన్ యూనియన్ తన సరిహద్దులో కొత్త సుంకం పెట్టింది. సీబామ్ అంటారు. 2023 అక్టోబరు నుంచి లెక్కలు మాత్రమే అడిగారు. 2026 జనవరి 1 నుంచి డబ్బు లెక్క మొదలైంది. ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు దీని కిందికి వస్తాయి. ఒక టన్ను ఉక్కు తయారీలో ఎంత కార్బన్ వెలువడిందో లెక్కకట్టి, తమ దేశాల్లో మిల్లులు కట్టే ధరనే దిగుమతిదారు చేత కట్టిస్తారు. తమ మిల్లులకు ఉచితంగా ఇస్తున్న అనుమతులను ఏటా తగ్గిస్తూ 2034కి సున్నా చేస్తారు. అవి తగ్గినకొద్దీ సుంకం పెరుగుతుంది. మొదటి ఏడాది చురక్కుమనదు, మంట వచ్చేది ముందుముందు.

భారతదేశంలో టన్ను ఉక్కుకు సగటున 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ప్రపంచ సగటు రెండు టన్నుల లోపే. కార్బన్ ధర టన్నుకు 70 యూరోలు అనుకుందాం. సుంకం పూర్తిస్థాయికి వచ్చాక టన్ను ఉక్కు మీద 175 యూరోలు, అంటే మన ఊళ్లో టన్ను కడ్డీ ధరలో మూడో వంతుకు దగ్గర.

విశాఖ ఉక్కులో యూరప్‌కు పోయేది ఎంత, ఈ గొడవ మనకెందుకు అని ఒక మిత్రుడు అడిగారు. నిజమే, మన కడ్డీలు ఎక్కువగా మన దేశపు స్లాబుల్లోకే పోతాయి. కాని బ్రిటన్ 2027 నుంచి ఇలాంటిదే పెడతానంది. ఒకసారి లెక్క పద్ధతి స్థిరపడితే బ్యాంకువాడు అప్పు ఇచ్చేటప్పుడూ అదే లెక్క అడుగుతాడు. మన ప్రభుత్వమే 2024 డిసెంబరులో టన్నుకు 2.2 టన్నుల లోపు కార్బన్ ఉన్నదే ‘గ్రీన్ స్టీల్’ అని గీత గీసింది.

ఈ సుంకాన్ని తిట్టడం తేలిక. ‘ఆకుపచ్చ వలసవాదం’ అంటే చప్పట్లు కూడా పడతాయి. నేను అంత దూరం వెళ్లను. తమ మిల్లుల మీద భారం వేసి, భారం లేని దిగుమతులకు తలుపులు బార్లా తెరిస్తే మిల్లులు మూతపడతాయి, పొగ మాత్రం తగ్గదు. ఆ వాదనలో పస ఉంది. నా అభ్యంతరాలు వేరే రెండు.

మొదటిది తుక్కు గురించి. పాత ఇనుమును కరెంటు కొలిమిలో కరిగించి ఉక్కు చేస్తే కార్బన్ చాలా తక్కువ. సీబామ్ లెక్కలో తుక్కు మీద కార్బన్ సున్నా. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కాని తుక్కు ఎవరి దగ్గర ఉంటుంది? వందేళ్ల కిందట వంతెనలు, రైళ్లు, కార్లు తయారుచేసుకున్న దేశాల దగ్గర. ఆ ఇనుమును మొదటిసారి ఖనిజం నుంచి తీసినప్పుడు వెలువడిన కార్బన్ ఇంకా మన నెత్తి మీద గాలిలోనే ఉంది, హుద్‌హుద్ లాంటి వాటికి మేత వేస్తోంది. లెక్కలో మాత్రం లేదు. మనం ఇప్పుడే మొదటి వంతెనలు కట్టుకుంటున్నాం. కూలగొట్టడానికి మన దగ్గర పాత ఊళ్లు లేవు, ఖనిజం నుంచే ఉక్కు తీయాలి. తాతల కాలంలో కట్టిన ఇంట్లో ఉంటూ, పక్కవాడు కొత్తగా ఇల్లు కడితే దుమ్ము లేస్తోందని జరిమానా వెయ్యడం లాంటిది ఇది.

రెండోది డబ్బు దారి. వసూలైన సుంకం యూరప్ ఖజానాకు పోతుంది. ఏ కొలిమి పొగ చూపించి వసూలు చేశారో ఆ కొలిమి బాగుకు పైసా రాదు. రెండో భాగంలో అడిగిన ప్రశ్న ఇక్కడ కలుస్తుంది. అప్పుల్లో ఉన్న కర్మాగారం దగ్గర సుంకం కట్టడానికి డబ్బుంటే పొగ తగ్గించే డబ్బుండదు. జరిమానా వేస్తే మనిషి దారిలోకి వస్తాడన్నది, మారడానికి చేతిలో సొమ్మున్న మనిషి విషయంలోనే నిజం.

5. హైడ్రోజన్

బ్లాస్ట్ ఫర్నేస్‌లో బొగ్గు చేసే పని ఖనిజంలోని ప్రాణవాయువును లాగెయ్యడం. లాగిన ప్రాణవాయువు కార్బన్‌తో కలిసి పొగై పోతుంది. అదే పని హైడ్రోజన్ చేస్తే పొగ బదులు నీటి ఆవిరి వస్తుంది. స్కూల్లో చదువుకున్న రసాయనమే. చిక్కల్లా ఖర్చుది. టన్ను ఇనుముకు 50 నుంచి 60 కిలోల హైడ్రోజన్ కావాలి. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్ల పైగా కరెంటు కావాలి. మనకున్న బ్లాస్ట్ ఫర్నేసులు దానికి పనికిరావు, షాఫ్ట్ ఫర్నేస్ అనే వేరే కొలిమి కట్టాలి. దానికి మేలురకం ఖనిజాన్ని పెల్లెట్లుగా, అంటే చిన్న ఉండలుగా చేసి పెట్టాలి.

ఇప్పుడు మన జిల్లాల పటం తీయండి. 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖ వచ్చి, అచ్యుతాపురం దగ్గర పూడిమడకలో ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీస్తామన్నారు. టన్ను ఇనుముకు 55 కిలోల చొప్పున వెయ్యండి. ఏడాదికి దాదాపు కోటి టన్నుల ఇనుముకు సరిపోతుంది. విశాఖ ఉక్కు పూర్తి సామర్థ్యం 73 లక్షల టన్నులు. ఇక ఖనిజం. బైలదిలా ఖనిజం ప్రపంచంలోని మేలురకాల్లో ఒకటి. దాన్ని పొడిచేసి నీళ్లలో కలిపి 267 కిలోమీటర్ల గొట్టం గుండా కిరండూల్ నుంచి ఈ ఊరికి ఇప్పటికే తెస్తున్నారు, ఇక్కడ పెల్లెట్లు చేస్తున్నారు. హైడ్రోజన్, పెల్లెట్లు, రేవు, ఉక్కు పని తెలిసిన వేలమంది మనుషులు. ఇవన్నీ ఒకే తీరం మీద దొరికే చోట్లు ప్రపంచంలో ఎన్నో లేవు.

ఇంతకీ పూడిమడక సరుకు ఎక్కడికి పోతుందంటున్నారు? మిథనాల్, విమాన ఇంధనం వంటి రూపాల్లో ప్రధానంగా ఎగుమతికి అని ప్రభుత్వ ప్రకటనే చెప్పింది. నాకు 1960 గుర్తొస్తుంది. అప్పుడు ఎర్రమట్టి ఓడెక్కింది, ఇప్పుడు మన ఎండ, మన గాలి, మన తీరం ఓడెక్కబోతున్నాయి. శుభ్రమైన ఉక్కు మళ్లీ మరొకరి కొలిమిలో తయారవుతుంది, మన బొగ్గు ఉక్కు మీద మాత్రం సుంకం పడుతుంది. ఇలా జరగాలని ఎవరూ కుట్ర పన్నలేదు. ఒప్పందాలు వేరువేరు గదుల్లో రాస్తే ఇలాగే తయారవుతుంది.

యూరప్‌కూ ఇది సుఖం కాదు. 2025 జూన్‌లో ఆర్సెలర్‌మిట్టల్ జర్మనీలోని రెండు కర్మాగారాలను బొగ్గు నుంచి మార్చే పథకాన్ని వదిలేసుకుంది. 130 కోట్ల యూరోల ప్రభుత్వ సాయం ఇస్తామన్నా వద్దంది. అక్కడ హైడ్రోజన్, కరెంటు అంత ఖరీదు. వాళ్లకు శుభ్రమైన ఇనుము కావాలి, చేసుకోవడం గిట్టడం లేదు. మనకు చెయ్యగల చోటుంది, పెట్టుబడీ కొనేవాడూ లేరు. 1960లో జపాన్‌కూ మనకూ మధ్య ఉన్న పరిస్థితే ఇది. కాకపోతే ఈసారి ఓడెక్కవలసింది ఖనిజం కాదు, ఇనుము.

6. రాబోయే కాగితం

కాబట్టి ఎలాంటి ఒప్పందం అడగాలి? దాదాపు రెండు వందల దేశాలు ఒక్క మాట మీదికి వచ్చేదాకా ఆగుదామంటే ఓడల సంగతి చూశాం. మన రేవుకు వచ్చేలాంటి పెద్ద ఓడల మీద కార్బన్ ధర వెయ్యాలన్న ప్రతిపాదన 2025 అక్టోబరులో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఓటుకు వచ్చింది. 57–49 తేడాతో ఏడాది వాయిదా పడింది. పెద్ద సభలు అక్కర్లేదని నేననను. హెచ్చరికల వ్యవస్థలు, నష్టపరిహార నిధి లాంటివి అక్కడే తేలాలి. కొలిమి మార్చే పనికి మాత్రం చిన్న కూటములు మేలు. పరిశ్రమలు మార్చుకోవడానికి 2019లో భారత్, స్వీడన్ కలిసి మొదలుపెట్టిన లీడ్‌ఐటీ లాంటి వేదిక ఉండనే ఉంది. ఇన్నాళ్లూ అందులో అనుభవాలు పంచుకున్నారు, పరిశోధనకు డబ్బు పెట్టారు. ఇక దాన్ని కొనుగోలు కాగితం దాకా తీసుకురావాలి.

ఆ కాగితంలో మొదటి వాక్యం కొనేవాడిది. పదిహేనేళ్లపాటు ఇన్ని లక్షల టన్నుల శుభ్రమైన ఇనుము ఈ ధరకు తగ్గకుండా కొంటామని. ఆ సంతకం చూపిస్తే బ్యాంకులు తక్కువ వడ్డీకి దిగుతాయి. అది లేకుండా ఎన్ని శంకుస్థాపనలు చేసినా రాయి రాయిగానే ఉంటుందని 1971 తర్వాత ఎనిమిదేళ్లు చూసినవాళ్లం. రెండో వాక్యం సుంకానిది. పుట్టిన దేశంలోనే కార్బన్ ధర కట్టి ఉంటే ఆ మేరకు తగ్గిస్తామని సీబామ్ చట్టమే అంటోంది. మన ప్రభుత్వం 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం తెచ్చింది. దాన్ని యూరప్ గుర్తించేలా చర్చించడం ఢిల్లీ పని. గుర్తింపు వచ్చాక ఆ డబ్బు సాధారణ ఖజానాలో కలిసిపోకుండా కొలిములు మార్చే నిధికి పోవాలని అడగడం మన పని. అప్పటికీ సరిహద్దులో వసూలయ్యేది ఏదైనా ఉంటే, అది ఏ దేశపు సరుకు మీద వసూలైందో ఆ దేశపు కొలిములకే తిరిగి రావాలి. తుక్కు లెక్క కూడా ఇక్కడే తేల్చాలి. పాత ఇనుములోని పాత కార్బన్‌కు కొంతైనా విలువ కట్టమని అడిగితే నవ్వుతారేమో. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ అడిగినప్పుడూ నవ్వినవాళ్లున్నారు.

మూడోది కొలతలది, త్వరగా చెప్పేస్తాను. కర్మాగారం సొంత లెక్కలు చూపించలేకపోతే పరాయివాళ్లు తమకు తోచిన ఎక్కువ అంకె వేస్తారు. ఆ లెక్కలు తీసి, సరిచూసే మనుషులు ఇక్కడి కాలేజీల్లోనే తయారుకావాలి. లఫాండ్ కాలంలో సముద్రం కొలవడం నేర్చుకున్న ఊరు కొలిమి పొగ కొలవడం నేర్చుకోలేదా?

నాలుగోది అన్నిటికంటే కష్టం. పూడిమడక జాలర్ల ఊరు. వేసవిలో వేట నిషేధం ఉన్న 61 రోజులూ ఇంటి ఖర్చులు ఎలా గడుపుకోవాలో ఇప్పటికే సతమతమయ్యే ఊరు. ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంట్లు, జెట్టీలు, పైపులు వస్తే సముద్రంలోకి దిగే దారి ఎవరిదన్న ప్రశ్న మొదటి రోజే వస్తుంది. ఇటు ఉక్కునగరంలో బొగ్గు పని తగ్గితే కోక్ ఓవెన్లలో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి ఏం చెబుతాం? అతని పేరు ఏ రిజిస్టర్లోనూ పర్మనెంటుగా లేదు. ఆర్-కార్డుల కథ ఇంకోసారి జరగకుండా ఉండాలంటే, వీళ్ల ప్రతినిధులు పునరావాస కమిటీలో కాదు, ఒప్పందం రాసే బల్ల దగ్గర కూర్చోవాలి. ఇది దయతో చేసే పని అని నేననడం లేదు. జనం ఒప్పుకోని ప్రాజెక్టు కోర్టుల్లో పదేళ్లు నలుగుతుంది. అప్పు ఇచ్చిన విదేశీ బ్యాంకుకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

ఆఖరుగా కాలం లెక్క. మన కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులు. గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ. ఫర్నేస్ లోపలి ఇటుక పొర పదిహేను ఇరవై ఏళ్లకు అరిగిపోతుంది, కోట్లు పోసి మళ్లీ వెయ్యాలి. గోదావరికీ కృష్ణాకూ గత దశాబ్దంలో పెద్ద మరమ్మతులు జరిగాయి. అంటే మళ్లీ ఆ పని మీదపడేది 2030ల మధ్యలో, సుంకం పూర్తిస్థాయికి చేరే 2034కు అటూ ఇటూ. ఆ రోజు ఇటుకల టెండరు పిలిస్తే ఆ కొలిమి 2050 దాకా బొగ్గు తింటూనే ఉంటుంది. దాని బదులు షాఫ్ట్ ఫర్నేస్ కట్టాలంటే నాలుగైదేళ్లు ముందే డిజైను, డబ్బు, కొనేవాడి సంతకం, పూడిమడక నుంచి గొట్టం సిద్ధంగా ఉండాలి. వెనక్కి లెక్కపెట్టుకుంటే ఒప్పందం మీద సంతకాలు 2030 లోపే పడాలి.

కార్మిక సంఘాల నాయకులు చాలామంది ఇక్కడే ఉన్నారు. మీ డిమాండ్ల పత్రంలో ఇన్నేళ్లుగా మొదటి వరుసలో ‘సొంత గనులు’ అని ఉంది, ఉండాల్సిందే. రెండో వరుసలో ‘పూడిమడక హైడ్రోజన్ మొదట విశాఖ ఉక్కుకే’ అని రాయండి. యాజమాన్యంతో జరగబోయే చర్చల్లో పెట్టండి, ఎంపీల చేత పార్లమెంటులో అడిగించండి. లెక్కలన్నీ వేసి నివేదికగా రాసిచ్చే బాధ్యత విశ్వవిద్యాలయంవాళ్లం తీసుకుంటాం.